మబ్బు పొట్ట

భర్త ధనరాజు పోయాక గౌరి ఏడవలేదు. పాలెంలో ఈ సంగతి అందరికీ తెలుసు. శవం భావనపాడు వైపు ఒడ్డుకు కొట్టుకొస్తే ట్రాక్టరు మీద ఇంటికి తెచ్చారు. ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు. అత్త తాతమ్మ ఇసకలో పడి పొర్లింది. గౌరి మాత్రం, సందులో ట్రాక్టరు మళ్ళడానికి అడ్డంగా ఉందని, నీళ్ళ డ్రమ్ముని పక్కకు దొర్లించింది. "పిల్ల మొద్దుబారిపోనాది" అన్నారు కొందరు. "రాయిలాటి మనిసి" అన్నారు ఇంకొందరు. రెండు మాటలూ ఆమె చెవిన పడ్డాయి. ఏదో ఒకటి అయ్యుంటానులే అనుకుంది.

వానాకాలం వెళ్ళిపోయే రోజుల్లో జరిగిందది. ధనరాజు, అతని మేనమామ ఎర్రన్న ఫైబరు తెప్ప మీద వేటకెళ్ళి, పొద్దెక్కాక తిరిగొస్తున్నారు. తూర్పున నల్లగా మబ్బు లేచింది. అది మీద పడేలోపల ఇల్లు చేరాలని ఇంజను గట్టిగా తోలారు. ఒడ్డు కనిపిస్తూనే ఉంది, ఒడ్డు మీద మనుషులూ కనిపిస్తూనే ఉన్నారు. కెరటాలు విరిగే చోటికి వచ్చేసరికి ఇంజను గక్కుమని ఆగిపోయింది. నీళ్ళలో తిరిగే ఇంజను ఫ్యానుకి ఏదో చుట్టుకుంది. ధనరాజు కత్తి తీసుకుని వెనక్కి వంగాడు. ఇంతలో తెప్ప అడ్డం తిరిగింది. అడ్డం తిరిగిన తెప్పని కెరటం ఊరుకోదు. బోర్లాపడిన తెప్పని పట్టుకుని ఎర్రన్న ఒడ్డుకొచ్చాడు. ధనరాజు రాలేదు.

ఫ్యానుకి చుట్టుకున్నది, రొయ్యల చెరువుల్లో నీరు ఇంకిపోకుండా అడుగున పరిచే నల్ల షీటు. చిరిగిపోయిన షీట్లని గెడ్డవాగు గట్టున పారేస్తారు. వరదొస్తే గెడ్డ వాటిని సముద్రంలోకి తోసేస్తుంది. తెప్పని ఒడ్డుకు లాగాక కొడవలితో కోసి ఆ షీటు ఊడదీశారు. ఎవరు మోసుకొచ్చారో తెలీదు, అది ధనరాజు ఇంటి వెనక కంచె పక్కన చేరింది. అక్కడే ఉండిపోయింది.

తాతమ్మ రోజూ లేవగానే ముఖం కడుక్కుని ఇంటి వెనక్కి వెళ్ళేది. ఆ షీటు ముందు నిలబడి, దాన్ని చేసినవాళ్ళనీ, వాడినవాళ్ళనీ, పారేసినవాళ్ళనీ నోరారా తిట్టేది. ఉమ్మేది. గుప్పెడు ఇసక తీసి దాని ముఖాన కొట్టినట్టు కొట్టేది. తర్వాత వచ్చి అరుగు మీద కూర్చుంటే గౌరి టీ గ్లాసు అందించేది. ఆ తిట్లు గౌరికి పక్కింటి టీవీలో మాటల్లాగా వినిపించేవి. శ్రీకాకుళం మార్కెట్టుకి చేపల తట్ట మోయడం మానేసింది. తెప్ప ఒడ్డున బోర్లించి ఉంది. ఎర్రన్న మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళలేదు. వాళ్ళవీ వీళ్ళవీ వలలు బాగుచేస్తూ కాలం గడుపుతున్నాడు.

చలికాలం వెళ్ళాక అనూరాధ వచ్చింది. అనూరాధ ధనరాజు చెల్లెలు. విశాఖపట్నంలో బొమ్మలు చేయడం చదువుకుని అక్కడే ఉంటోంది. వద్దని ఊరంతా అన్నా, ధనరాజే పట్టుబట్టి ఆ చదువు చదివించాడు. విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు కొత్తగా పెద్ద హాలు కట్టారనీ, దాని కప్పు నుంచి వేలాడేలా ఏదైనా చేసివ్వమన్నారనీ చెప్పింది.

"మబ్బు సేస్తాను వదినా," అంది. "సముద్రం మనకి తిరిగిచ్చేసిన చెత్తతోనే కడతాను. మబ్బు పుట్టేదీ సముద్రంలోంచే గదా."

"ఊఁ," అంది గౌరి.

"నివ్వు కూడా సాయం పట్టాలి."

"ఊఁ."

వలల పాక ముందు ఇనప మెష్ పరిచి పని మొదలుపెట్టారు. పాలెం ఆడవాళ్ళు పొద్దున్నే ఒడ్డు వెంట నడిచి ఏరుకొచ్చేవారు. నీళ్ళ సీసాలు, పాల ప్యాకెట్లు, తెగిన వల ముక్కలు, థర్మాకోల్, సెలైన్ గొట్టాలు, ఒంటి చెప్పులు. చెప్పులు మాత్రం అనూరాధ పక్కన పెట్టేసేది. సీసాల్ని చేప పొలుసుల్లా కోసి, కడిగి, ఆరబెట్టి, నైలాన్ దారంతో మెష్‌కి కుట్టేవారు. గౌరి చేతులు ఎక్కడా ఆగేవి కావు. ముడి వేయడం, తెంచడం, ఇంకో ముడి వేయడం. ఎవరైనా పలకరిస్తే తలూపేది. మధ్యాహ్నం అన్నానికి లేవమంటే లేచేది, కూర్చోమంటే కూర్చునేది.

రోజులు గడిచేకొద్దీ అది తెప్పంత పెద్దదైంది. ఎండ పడితే తెల్లగా, ఉబ్బుగా, నిజంగానే మబ్బులా మెరిసేది. "ఒలమ్మో, ఆకాశం నేల మీదకి దిగిపోనాదే!" అని దారిన పోయేవాళ్ళు నవ్వేవారు. మేకలు వచ్చి వాసన చూసి వెళ్ళిపోయేవి. అనూరాధ మాత్రం చుట్టూ తిరిగి చూసి పెదవి విరిచేది.

"ఇలా తెల్లగా ఒగ్గేస్తే పెళ్ళి పందిట్లో డెకరేషన్‌లాగుంటాది. వాన మబ్బుకి పొట్ట నల్లగుంటాది వదినా. బరువంతా అక్కడే కనిపించాలి."

నల్ల క్యారీ బ్యాగులు కుట్టి చూశారు. గాలికి రెపరెపలాడి చిరిగిపోయాయి. టైరు ట్యూబులు కట్టి చూశారు, మెష్ వంగిపోయింది. అనూరాధ చికాకు పడి, ఆ పూటకు చాలని లేచి ఒడ్డుకు వెళ్ళిపోయింది.

ఆమె తిరిగి వచ్చేసరికి గౌరి బోరింగు దగ్గర ఉంది. పెద్ద నల్ల షీటొకటి నేల మీద పరిచి, చీపురుతో రుద్ది కడుగుతోంది. ఇసకా, ఉమ్మీ, నాచూ అన్నీ నీళ్ళలో పోతున్నాయి. కడగడం అయ్యాక దాన్ని మడిచి, రెండు చేతులతో ఎత్తి తెచ్చి అనూరాధ ముందు పెట్టింది.

"ఇది సరిపోతాదా?"

అనూరాధ చేతిలో కత్తెర ఆగిపోయింది. షీటు అంచున కొడవలి కోసిన గాట్లు ఉన్నాయి.

"వదినా... ఇది..."

"అదే."

"ఏటి తెచ్చావో తెలిసే తెచ్చావా?"

"నల్లగుండాలన్నావు గదా. దళసరిగా ఉంది. సిరగదు. ఊరికినే పడుంది."

అనూరాధ అక్కడే చతికిలబడి ఏడ్చింది. అన్న పోయిన రోజున ఎంత ఏడ్చిందో అంతా మళ్ళీ ఏడ్చింది. గౌరి షీటు కొస పట్టుకుని నిలబడింది. ఏడుపు అయ్యేదాకా ఆగాలి కాబట్టి ఆగింది. చెయ్యి నొప్పెడితే రెండో చేత్తో పట్టుకుంది. ఆమె బుర్రలో ఆ సమయంలో ఉన్నదల్లా ఒకటే: షీటు ఇంకా తడిగా ఉంది, ఆరితే గానీ సూది దిగదు.

ఆ ఏడుపు విని తాతమ్మ వచ్చింది. షీటుని చూసింది. ముసలిదానికి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో, రెండో కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

"నా కొడుకుని మింగిన ముండని మేడలో కడతారే? జనం సూసి సంబరపడతారే? నీకు బుద్దిలేదే గౌరీ? నీ మొగుడు కాడేటే ఆడు?"

"అత్తా, ఇది ఇక్కడుంటే ఏటి సేస్తావు?" అంది గౌరి.

"తిడతాను!"

"రోజూ తిడతన్నావు గదా."

"రేపట్నించి నానెవులిని తిట్టాలే?" అంది తాతమ్మ. "సెప్పు. ఎవులిని తిట్టాలి?"

తాతమ్మ కాసేపు షీటు పట్టుకునే ఉంది. చివరికి ఆమె కొస వదిలేసి, ఇసకలో కూర్చుని, ఏం చేస్తారో చేయండన్నట్టు చూసింది.

అనూరాధ కళ్ళు తుడుచుకుని కత్తెర పెట్టింది. తెగలేదు. ఇంకా పెద్ద కత్తెరతో ప్రయత్నించింది. అదీ జారిపోయింది. తాతమ్మ విసుక్కుంటూ లేచి ఇంట్లోకి వెళ్ళి, పెద్ద చేపలు కోసే కత్తిపీట తెచ్చింది. కాలు ముడిచి పీట మీద వేసి, షీటుని బెత్తెడు బెత్తెడు జరుపుతూ, వంజరం ముక్కలు కోసినట్టు కోయడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రమంతా కోస్తూనే ఉంది. తిట్లు మాత్రం రాలేదు. కోసిన ముక్కలు గౌరి అందుకుని వరసగా పేర్చింది.

మబ్బుకి పొట్ట వచ్చింది.

విజయనగరానికి వ్యాన్‌లో తీసుకెళ్ళారు. అనూరాధ, గౌరి, ఎర్రన్న వెళ్ళారు. తాతమ్మ రానంది. ఎర్రన్న కూడా రానన్నాడు గానీ, తాళ్ళు కట్టడానికి నమ్మకమైన మనిషి కావాలని అనూరాధ బతిమాలితే కాదనలేకపోయాడు. దారి పొడుగునా వ్యాన్ కిటికీలోంచి బయటికే చూశాడు.

కాలేజీలో వాళ్ళకి హరిచరణ్ ఎదురొచ్చాడు. అక్కడ లెక్చరరు. కోట దగ్గర పాతకాలపు సంగీతం వాళ్ళింటి అబ్బాయి. మెత్తగా మాట్లాడతాడు, చిన్నా పెద్దా అందరినీ గారు అంటాడు. ఈ పని అనూరాధకి ఇప్పించింది అతనే. మబ్బుని విప్పుతుంటే పొట్ట భాగం చూసి ముచ్చటపడ్డాడు. "ఈ నలుపు ఎక్కడ దొరికిందండీ? దీంతోనే ప్రాణం వచ్చింది మొత్తానికి," అన్నాడు. అనూరాధ చెప్పకూడదనుకుంటూనే చెప్పేసింది. చెప్పి, "ఎవరికీ తెలియనివ్వకండి సార్," అంది. అతని ముఖం పాలిపోయింది. "అలాగేనమ్మా," అన్నాడు.

ఎర్రన్న పరంజా ఎక్కి తాళ్ళు బిగించాడు. నల్ల వైపు ఒక్కసారీ కన్నెత్తి చూడకుండా, ముడుల మీదే చూపు నిలిపి కట్టి, దిగి వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. మబ్బు పైకి లేచింది. ఎత్తయిన కిటికీల్లోంచి వచ్చే వెలుతురు సీసాల్లోంచి దూరి, నేల మీద నీటి నీడలు కదిలించింది. అడుగున నల్లటి పొట్ట మనుషుల తలల మీదకి దిగివచ్చినట్టు, ఏ క్షణానో కురిసేటట్టు ఉంది. పనివాళ్ళు కూడా తలెత్తి నోరు తెరిచారు.

గౌరి కూడా తలెత్తింది. ఒకచోట దారం కొస కత్తిరించకుండా వదిలేశారని కనిపించింది. అంతకు మించి ఏమీ కనిపించలేదు.

ప్రారంభం రోజున హాలంతా పిల్లలు. దీపం వెలిగించారు, పాట పాడారు, శాలువాలు కప్పారు. గౌరినీ ఎర్రన్ననీ ముందు వరసలో కూర్చోబెట్టారు. హరిచరణ్ మైకు ముందుకొచ్చాడు. సముద్రం గురించి, ప్లాస్టిక్ గురించి బాగానే మాట్లాడాడు. పిల్లలు వింటున్నట్టే ఉన్నారు గానీ, సగం మంది మబ్బు కింద ఫోటోలు ఎప్పుడు దిగుదామా అని చూస్తున్నారు. అతను అది గమనించాడు. ఆ తర్వాత అతని గొంతు మారింది.

"మీరు చూస్తున్న ఆ నలుపు ఎక్కడిదో తెలుసా? ఒక మనిషి ప్రాణం తీసింది అది. ఆయన భార్య ఇక్కడే, మన ముందే కూర్చుని ఉన్నారు."

హాలంతా ఉలిక్కిపడింది. ఫోన్లు ముందు పైకి లేచాయి, మబ్బు వైపు. తర్వాత కిందికి దిగాయి, గౌరి వైపు. అనూరాధ లేచి నిలబడింది. ఎర్రన్న తల మోకాళ్ళలో దూర్చేశాడు. ఎవరో అమ్మాయి మైకు పట్టుకుని గౌరి దగ్గరకి వచ్చింది. కళ్ళలో నీళ్ళున్నాయి ఆ పిల్లకి.

"అమ్మా, దాన్ని చూస్తుంటే మీకేమనిపిస్తోంది?"

గౌరి పైకి చూసింది. అడిగారు కాబట్టి, నిజంగానే చూసి చెబుదామని చూసింది. పొట్ట, కుట్లు, తాళ్ళు. లోపల వెతుక్కుంది. చేపలన్నీ అమ్ముడైపోయాక తట్ట అడుగున తడిమినట్టు ఉంది.

"నాకేటీ అనిపించట్లేదు," అంది.

ఒక మూల చప్పట్లు మొదలై హాలంతా పాకాయి. కొందరు లేచి నిలబడి కొట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. తను అన్నమాటలో చప్పట్లు కొట్టడానికి ఏముందో గౌరికి అర్థం కాలేదు. మైకుని ఆ పిల్ల వైపు జరిపేసింది.

బయట మెట్ల మీద అనూరాధ హరిచరణ్‌ని నిలదీసింది.

"ఎవరికీ చెప్పొద్దన్నాను కదా సార్! మాటిచ్చారు కదా!"

"తప్పు చేశానమ్మా," అన్నాడతను. ముఖం దించుకున్నాడు. "పిల్లలు ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతారనిపించింది. ఇది తెలిస్తేనైనా ఇంటికెళ్ళి ఆలోచిస్తారని... ఆగలేకపోయాను."

"ఆలోచిస్తారా? మా వదిన మొహానికి ఫోన్లు పెట్టారు సార్! నేనిప్పుడే దింపేస్తాను. మావా, రా, తాళ్ళు ఇప్పు."

మెట్ల మీద కూర్చున్న ఎర్రన్న లేచాడు. లేచి గౌరి వైపు చూశాడు.

"ఒగ్గీయండి," అంది గౌరి.

"వదినా, ఆళ్ళంతా నిన్ను..."

"తీసుకోనీ. దింపి ఏటి సేస్తావే? మళ్ళీ ఇంటెనక పడీసుకుందుమా? ఏదో వరదకి మళ్ళీ సముద్రంలోకే ఎలిపోతాది. ఇక్కడ ఏలాడుతుంటే ఇంకే ఇంజనుకీ సుట్టుకోదు."

మామూలుగా, సామాన్లు ఎక్కడ సర్దాలో చెప్పినట్టు చెప్పింది. అది విని ఎర్రన్న మెట్ల మీద కూలబడి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. గౌరి అతని పక్కన కూర్చుంది. వీపు మీద చెయ్యి వేయాలని తట్టింది, వేసింది. అతని ఒళ్ళు అదురుతుంటే ఆ అదురు ఆమె చేతికి తెలిసింది. హరిచరణ్ కాస్త దూరంలో నిలబడి ఉండిపోయాడు. మంచినీళ్ళు తెప్పించి తానే తెచ్చి ఇచ్చాడు.

మబ్బు అక్కడే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక తాతమ్మ అడిగింది, "ఎలాగుందే?"

"ఎత్తులో ఉంది."

"బాగుందేటి?"

"బాగుందన్నారు."

మర్నాడు పొద్దున్న తాతమ్మ అలవాటుగా ముఖం కడుక్కుని ఇంటి వెనక్కి వెళ్ళింది. కంచె పక్కన ఖాళీ నేల మీద గడ్డి పాలిపోయి ఉంది. కాసేపు నిలబడి, ఏమీ అనకుండా ముందువైపుకి వచ్చేసింది. టీ ఇంకా కాగలేదు. చేయడానికి ఏమీ లేక అరుగు మీద కూర్చుని ఒడ్డు వైపు చూసింది. బోర్లించిన తెప్ప కనిపించింది. పిచికలు దాని కింద గూడు పెట్టాయి.

"ఒసే గౌరీ, ఆ తెప్ప అలగే పాడైపోవాలేటే?"

గౌరికి ఆ సంగతి అంతవరకూ తట్టనే లేదు. టీ ఇచ్చి ఎర్రన్న ఇంటికి వెళ్ళింది.

"మావా, తెప్ప దింపుతావా?"

ఎర్రన్న చేతిలో వల అలాగే ఉండిపోయింది. "నానా? నాను మళ్ళీ ఎలగెల్తానే?"

"నివ్వు కాకపోతే ఇంకెవులున్నారు?"

అతను కొన్నాళ్ళు తెప్ప చుట్టూ తిరిగాడు. చిల్లులు పూడ్చాడు, ఇంజను విప్పి శుభ్రం చేశాడు, మళ్ళీ బిగించాడు. ఓ పొద్దున, తమ్ముడు అసిరయ్యని తోడు తీసుకుని, గంగమ్మకి దండం పెట్టి కెరటం దాటాడు. తాతమ్మా గౌరీ ఒడ్డున నిలబడి చూశారు. తాతమ్మ వాళ్ళు కనుమరుగయ్యేదాకా నోటికి చెంగు అడ్డం పెట్టుకునే ఉంది. గౌరి చూసింది, అంతే. పొద్దెక్కాక కానగంత చేపలూ, రెండు మంచి వంజరాలూ తెచ్చారు.

గౌరి తట్ట కడిగి, చేపలు సర్దుకుని, శ్రీకాకుళం ఆటో ఎక్కింది. మార్కెట్టులో ఆమె చోటు అలాగే ఉంది. పక్కన కూర్చునే లక్ష్మణమ్మ తన బుట్ట జరిపి చోటిచ్చింది. "వచ్చావా" అనడిగింది, "వచ్చాను" అంది గౌరి. జనం వచ్చారు, బేరాలాడారు, కొన్నారు, వెళ్ళారు. నోరు దానంతటదే ధర చెప్పింది. చేతులు వాటంతటవే తూచాయి.

ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి వంజరాన్ని ఎత్తి, మొప్ప తెరిచి చూసి, పెదవి విరిచాడు.

"నిన్నటిది కదూ ఇది? ఐసులో పెట్టి తెచ్చినట్టున్నావ్."

గౌరి అతని వైపు చూసింది. ఒళ్ళంతా ఏదో పాకింది. కడుపులోంచి పైకి, మెడ మీదకి, చెవుల్లోకి. తనకేమవుతోందో ఆమెకి తెలియలేదు.

"ఏటన్నావు?"

"నిన్నటి చేప అన్నాను. తప్పా?"

"నిన్నటిదా! కళ్ళెట్టి సూడు. పొద్దున్న కెరటం దాటొచ్చిన సేప ఇది. ముసలోడు అరసేతిలో పానం ఎట్టుకుని తెచ్చాడు. నిన్నటిదంట! సముద్రం మొహం సూసావా నివ్వెప్పుడైనా? కొంటే కొను, లేకపోతే నడు. మాటలు మాత్రం..."

లేచి నిలబడి ఉంది. గొంతు మార్కెట్టంతా వినిపిస్తోంది. ఆయన బిత్తరపోయి, చేపని మెల్లగా తట్టలో పెట్టి, వెనక్కి అడుగేశాడు. చుట్టూ బేరాలు ఆగిపోయాయి. లక్ష్మణమ్మ లేచి గౌరి జబ్బ పట్టుకుంది.

"ఏటే, ఏటయిందే? ఊరుకో. కూకో ముందు."

గౌరి కూర్చుంది. గుండె దడదడలాడుతోంది. అరచేతులు చూసుకుంది.

"కోపమొచ్చిందప్పా," అంది, నమ్మలేనట్టు.

"ఆడి మాటకేటి? రోజుకి పది మందంటారు."

"అవును."

ఇంకేమైనా వస్తుందేమో, ఏడుపు ముంచుకొస్తుందేమో అని లక్ష్మణమ్మ భుజం వదలకుండా చూసింది. ఏమీ రాలేదు. గొంతు మాత్రం బొంగురుపోయింది. ఒళ్ళు ఇంకా వేడిగానే ఉంది. నీళ్ళు తాగమంటే తాగింది. చల్లటి నీళ్ళు గొంతులోంచి కడుపులోకి దిగుతున్నంత సేపూ తెలిసింది.

ఆయన మార్కెట్టంతా ఓ చుట్టు తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చాడు. కాస్త దూరంగా నిలబడి, "ఆ వంజరం ఇచ్చెయ్యమ్మా," అన్నాడు. గౌరి ఆయన మొహం చూడలేదు. తూచి, శుభ్రం చేసి, ముక్కలు కోసి ఇచ్చింది. తట్టలో కానగంతలు ఇంకా సగానికి పైగా ఉన్నాయి, ఎండ నడినెత్తికి వస్తోంది. వాటి మీద గుప్పెడు నీళ్ళు చల్లి, బొంగురు గొంతుతోనే, పక్కవాళ్ళందరికంటే గట్టిగా కేకేసింది.